ఎదకూ వెన్నుకూ నడుమ

తెలుగువారు నొప్పిని ఒక్క మాటతో చెప్పి ఊరుకోరు. లోపలి నుండి ఎవరో పొడుస్తున్నట్లుంటే దానిని పోటు అంటారు. నాడి కొట్టుకున్నట్లు ఆగి ఆగి బాధిస్తే సలుపు అంటారు. కండలు లాగుతున్నట్లుంటే తీపు అంటారు. మాధుర్యానికి ఉన్న పేరే ఈ బాధకూ ఉండటం మన భాషలోని ఒక వింత. ఊపిరి తీయబోతే పక్కలో కలుక్కుమంటుంది. వీపు పట్టేస్తుంది, రెక్కలు పీకుతాయి, ఎముకలు గుంజుతాయి, గుండె మీద బండ పెట్టినట్లవుతుంది. ఇవి ఒకదానికి బదులు మరొకటి వాడదగిన పర్యాయపదాలు కావు. ఒక్కొక్క మాట శరీరంలోని ఒక్కొక్క స్థితిని పట్టి చూపుతుంది. రోగి పోటు అన్నాడా, మంట అన్నాడా, బరువు అన్నాడా అనేదానిని బట్టి వైద్యుని ఆలోచన ఒక దారి విడిచి మరొక దారి పడుతుంది. వీపు పైభాగంలోను, ఎదలోను వచ్చే నొప్పి విషయంలో ఈ తేడా ఒక్కొక్కసారి ప్రాణంతో సమానం.

ఈ నొప్పిని అర్థం చేసుకోవడానికి దమ్మపేట ప్రాంతాన్ని ఉదాహరణగా తీసుకుందాం. ఒకప్పటి ఖమ్మం జిల్లాలో, భద్రాచలం అడవులకు చేరువగా, ఆంధ్రప్రదేశ్ సరిహద్దుకు దగ్గరలో ఉన్న మండలమిది. 2016 అక్టోబరు 11న ఏర్పడిన భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో ఇది భాగమైంది. కోయ గూడేలు, మామిడి తోటలు, జీడిమామిడి తోటలు, వాటి నడుమ దట్టంగా పెరిగిన ఆయిల్‌పామ్ తోటలు ఈ నేలకు ఆనవాళ్లు. గెలల నుండి నూనె తీసే కర్మాగారాలు ఇక్కడి అప్పారావుపేటలోను, పొరుగున ఉన్న అశ్వారావుపేటలోను ఉన్నాయి. తోటలను చూసి ఆనందించేవారు గెల నేలకు దిగే విధానాన్ని కూడా చూడాలి. లేత చెట్టుకైతే గెల చేతికి అందే ఎత్తులోనే ఉంటుంది. చెట్టు ఎదిగిన కొద్దీ గెల పైకి పోతుంది. అప్పుడు పొడవైన గెడ చివర కొడవలి బిగించి, మెడ వెనుకకు వాల్చి, రెండు చేతులూ తలకంటె పైకెత్తి, ఆకు మట్టను కోసి, తరువాత గెల తొడిమకు కొడవలి తగిలించి బలంగా కిందికి గుంజాలి. ముదురు చెట్టు గెల 20 కిలోలు దాటడం సామాన్యం. పడిన గెలను ఎత్తి బండి మీదికి విసరాలి. రాలిన పండ్లను వంగి ఏరాలి. ఈ కోత ఏడాదికి ఒకసారి వచ్చి పోయే పంటకోత కాదు. 10 నుండి 15 రోజులకొకసారి చొప్పున ఏడాది పొడవునా సాగుతూనే ఉంటుంది. కనుక ఆ వీపుకు పూర్తి విరామమంటూ ఉండదు.

తోటల పని ఒక్కటే కాదు. వేసవిలో తునికాకు సేకరణ ఉన్నది. తెల్లవారక ముందే అడవికి పోయి, ఒక్కొక్క ఆకూ తెంపి, ఇంటికి వచ్చి 50 ఆకుల చొప్పున కట్టలు కట్టి, మోపును కల్లానికి చేర్చేది ఎక్కువగా స్త్రీలే. చలికాలం చివర మిరపకోతలు ఉన్నాయి. పొద్దస్తమానం నడుము వంచి, భుజాలు ముందుకు ముడిచి చేసే పని అది. పైగా నెత్తిన కట్టెల మోపు, చంకన బిడ్డ, చేత నీళ్ల బిందె. "రెక్కాడితే గాని డొక్కాడదు" అన్న సామెతను మనం ఆర్థిక స్థితికి అన్వయించి చెప్పుకుంటాం. కాని ఆ సామెత ఎంచుకున్న రెండు అవయవాలను గమనించండి. రెక్క అంటే భుజం, డొక్క అంటే పక్కటెముకల కింది కడుపు. ఈ పాఠంలోని బాధ సరిగ్గా ఆ రెండింటి నడుమనే కాపురముంటుంది.

భుజం మీది బరువును మన సాహిత్యం ఎరుగనిది కాదు. రాజాస్థానాలలో కనకాభిషేకాలందుకున్న శ్రీనాథుడు వృద్ధాప్యంలో బొడ్డుపల్లి పొలాన్ని గుత్తకు తీసుకొని, కృష్ణ వరదకు పైరు పోగొట్టుకొని, శిస్తు చెల్లించలేక నల్లని బండరాయిని భుజాన మోయవలసి వచ్చిందని ఒక చాటుపద్యం చెబుతుంది. ఆ పద్యం ఆయన స్వయంగా చెప్పినదా, ఆయన పేర ఎవరైనా చెప్పినదా అన్న చర్చ పండితులది. కవిసార్వభౌముని పతనాన్ని చెప్పడానికి జానపదుల నోట నిలిచిన గుర్తు మాత్రం భుజం మీది బరువే.

ఇక శరీర నిర్మాణానికి వద్దాం. మెడ అడుగున మొదలై నడుము పైవరకు వెన్నులో 12 కశేరుకలు ఉన్నాయి. వీటికి రెండు వైపులా అతుక్కొని 12 జతల పక్కటెముకలు బయలుదేరుతాయి. వాటిలో పై 7 జతలు ముందుకు వంగి వచ్చి మృదులాస్థి ద్వారా రొమ్ము ఎముకను, అనగా ఉరోస్థిని నేరుగా చేరతాయి. తరువాతి 3 జతలు తమ పైనున్న ఎముక మృదులాస్థిని పట్టుకుంటాయి. చివరి 2 జతలు ముందువైపు దేనినీ అంటవు. ఒక్కొక్క పక్కటెముక వెంట ఒక్కొక్క నాడి వెన్ను నుండి పుట్టి పక్కలను చుట్టి రొమ్ము దాకా వస్తుంది. అంటే వీపు పైభాగమూ ఎదా రెండు వేర్వేరు చోట్లు కావు. ఒకే బుట్టకు ముందు వెనుకలు. బుట్టలో ఒక బద్ద వెనుక విరిగితే ముందు అల్లిక వదులైనట్లు, వెన్నులోని కీలు బిగుసుకుంటే నొప్పి రొమ్ములో తెలియవచ్చు. గెడ గుంజిన కూలీకి సాయంత్రం గుండె దగ్గర పొడిచినట్లుంటే, మూలం రెక్క ఎముకల నడుమ ఉండటం అసంభవమేమీ కాదు.

ఈ బుట్టకు మరొక విశేషం ఉన్నది. కాలు నొస్తే కాలికి విశ్రాంతి ఇవ్వవచ్చు. పక్కటెముకలకు విశ్రాంతి ఇవ్వడం ఎవరి తరమూ కాదు. నిమిషానికి 15 శ్వాసల లెక్కన మనం రోజుకు 21,600 సార్లు ఊపిరి పీల్చి విడుస్తాం. హంసజపానికి యోగగ్రంథాలు చెప్పిన సంఖ్య కూడా ఇదే. అన్నిసార్లూ ఆ ఎముకలు లేచి దిగవలసిందే. రొమ్ము ఎముక దగ్గర మృదులాస్థి వాచినప్పుడు దగ్గినా, తుమ్మినా, గట్టిగా నవ్వినా బాధ కలగడం అందువల్లనే. ఆ వాపు ప్రాణాంతకం కాదు. కాని రోజూ రేగుతూ ఉండటం వల్ల వారాలు, ఒక్కొక్కప్పుడు నెలలు వేధిస్తుంది.

ఇక్కడే పెద్ద చిక్కు ఎదురవుతుంది. మన భాషలో ఎద అంటే రొమ్ము, ఎద అంటే హృదయం కూడా. గుండెలు బాదుకొని ఏడ్చిందంటాం. చేయి తగిలేది రొమ్ము ఎముకకు. పైనున్న గూటినీ లోపలున్న పక్షినీ ఒకే పేరుతో పిలిచే అలవాటు మనది. వింత ఏమిటంటే, మన వెన్నుపాము కూడా ఇదే పొరపాటు చేస్తుంది. హృదయం నుండి బాధను మోసుకొచ్చే నాడులూ, రొమ్ము గోడ నుండి, ఎడమచేతి లోపలి అంచు నుండి వచ్చే నాడులూ వెన్నుపాము పైభాగంలో ఇంచుమించు ఒకే చోట ప్రవేశిస్తాయి. కబురు ఏ ఇంటి నుండి వచ్చిందో మెదడు ఖచ్చితంగా చెప్పలేదు. హృదయానికి రక్తం అందనప్పుడు నొప్పి చేతిలోను, దవడలోను, వీపులోను తెలియడానికి కారణమిదే. గోడ నొప్పి గుండెపోటువలె భయపెట్టడానికీ కారణమిదే.

ఈ రెండింటినీ వేరు చేయడానికి యంత్రాలు లేని కాలంలో వైద్యులు చెవులనే నమ్ముకున్నారు. ఇంగ్లండులో విలియం హెబర్డెన్ 1768లో లండను వైద్యుల కళాశాలలో ఒక వ్యాసం చదివాడు. నడుస్తున్నప్పుడు, ముఖ్యంగా భోజనానంతరం ఎత్తు ఎక్కుతున్నప్పుడు రొమ్ములో ఒక భయంకరమైన బిగింపు కలుగుతుందనీ, ఆగి నిలబడగానే అది మాయమవుతుందనీ ఆయన రోగుల నోట విన్నది విన్నట్లు రాశాడు. ఆ జబ్బుకు ఆయన పెట్టిన యాంజైనా అనే పేరు నేటికీ నిలిచి ఉన్నది. హృదయ స్పందనను కాగితం మీద గీసే ఇ.సి.జి. యంత్రం రావడానికి ఇంకా వందేళ్లకు పైగా ఉన్నది. రోగి చెప్పిన మాటను శ్రద్ధగా వినడమే ఆ వైద్యుని పరికరం.

ఆ శ్రద్ధ ఇంటిలోని ప్రతివారికీ అవసరమే. రొమ్ము నడుమ బరువుగా, నులిమినట్లుగా, బిగపట్టినట్లుగా బాధ పుట్టి కొద్ది నిమిషాలలో తగ్గకపోయినా, అది ఎడమచేతికో రెండు చేతులకో దవడకో వీపుకో పాకినా, చెమటలు పోసినా, వాంతి వచ్చినట్లున్నా, ఆయాసం కలిగినా ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేయాలి. ఈ అంబులెన్సు సేవ 2005 ఆగస్టు 15న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ప్రారంభమైంది. నేడు తెలుగువారి రెండు రాష్ట్రాలలోనూ ఉన్నది. మన ఇళ్లలో ఇటువంటి సమయాన వినిపించే మొదటి మాట గ్యాస్. సోడా తాగించడం, వాము నమిలించడం, వీపు మీద రుద్దడం, తెల్లవారాక చూద్దామనడం. మూసుకుపోయిన రక్తనాళాన్ని తెరిచే చికిత్స ఎంత త్వరగా అందితే హృదయ కండరం అంత ఎక్కువగా దక్కుతుంది. అడవి అంచు ఊళ్లలో ఆసుపత్రికి పోయే దారి ఎలాగూ దూరమే. ఆ దూరానికి మన సందేహాన్ని కూడా కలపకూడదు. మధుమేహం ఉన్నవారిలో, స్త్రీలలో, వృద్ధులలో రొమ్ములో పోటు లేకుండానే ఆయాసంగానో, నీరసంగానో, వీపు పైభాగంలో బాధగానో గుండెజబ్బు రావచ్చునని ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి. అకస్మాత్తుగా రెక్కల నడుమ చీల్చినట్లు వచ్చే తీవ్రమైన నొప్పి పెద్ద రక్తనాళం పొరలు విడిపోయినందువల్ల కావచ్చు. అదీ క్షణం ఆగేది కాదు.

వేలితో ఒకే చోట చూపగలిగి, అక్కడ నొక్కితే ఎక్కువై, మెలి తిరిగితే మారే నొప్పి సాధారణంగా గోడకు సంబంధించినది. అరచేతినో పిడికిలినో రొమ్ము మీద ఉంచి చూపే నొప్పి హృదయానిది కావడానికి అవకాశం ఎక్కువ. ఇవి ఆలోచనకు దారి చూపే గుర్తులే గాని తీర్పులు కావు. తీర్పు పరీక్ష చేసిన వైద్యునిది.

అత్యవసరం కాకపోయినా నిర్లక్ష్యం చేయరాని కారణాలు మరికొన్ని ఉన్నాయి. వెన్నుకు సోకే క్షయ వాటిలో ప్రధానమైనది. 1779లో పెర్సివల్ పాట్ అనే ఆంగ్ల శస్త్రవైద్యుడు వర్ణించిన ఈ జబ్బు ఛాతీ వెనుకనున్న కశేరుకలను తరచుగా ఆశ్రయిస్తుంది. దగ్గు లేకపోవచ్చు. సాయంత్రపు జ్వరం, రాత్రి చెమటలు, బరువు తగ్గడం, పడుకున్నా తగ్గని వెన్నునొప్పి దీని జాడలు. పట్టించుకోకపోతే వెన్ను వంగి గూని ఏర్పడుతుంది, కాళ్లు చచ్చుబడతాయి. పరీక్షలూ మందులూ ప్రభుత్వ ఆసుపత్రులలో ఉచితం. రోగి పోషణ నిమిత్తం 2018 నుండి నెలకు 500 రూపాయలు ఇచ్చేవారు. 2024 నవంబరు నుండి అది 1000 రూపాయలైంది. మందులు తొమ్మిది నెలలో, ఏడాదో, ఒక్కొక్కప్పుడు అంతకు మించో వాడవలసి వస్తుంది. ఇవి కాక పుల్లని త్రేన్పులతో రొమ్ములో మంట పుట్టించే జీర్ణాశయ రసం, కుడి రెక్క కిందికి పోటు పంపే పిత్తాశయపు రాళ్లు, పక్కటెముక వెంట పొక్కులు లేవడానికి ముందే మంటగా తెలిసే సర్పి, వయసు మళ్లిన స్త్రీలలో ఎముక గుల్లబారి కశేరుక కుంగడం ఉన్నాయి. వీటిని వైద్యుడు ఒక్కొక్కటిగా తోసిపుచ్చుతూ వస్తాడు.

అన్నీ తోసిపుచ్చిన తరువాత ఏమి మిగులుతుంది? నొప్పి మిగులుతుంది. ఈ పాఠానికి అసలు విషయం అదే. ఇ.సి.జి. బాగానే ఉన్నది, ఎక్స్‌రే బాగానే ఉన్నది, రక్తపరీక్ష బాగానే ఉన్నది. "నీకేమీ లేదమ్మా, వెళ్లు" అన్న మాట వినివచ్చిన స్త్రీ ఇంటికి చేరేసరికి రెక్కల నడుమ సలుపు అలాగే ఉంటుంది. ఇంటివారు ఆ మాటను పట్టుకుంటారు. ఏమీ లేదని డాక్టరే చెప్పాడు గదా, ఇక పనికి పోవడానికి సాకులెందుకు అంటారు. "ఏమీ లేదు" అంటే ప్రాణానికి ముప్పు కనిపించలేదని అర్థం. నొప్పి లేదని అర్థం కాదు. ఈ రెండింటిని ఒకటిగా తీసుకోవడం వలన ఎందరో నొప్పితో పాటు అపనిందనూ మోస్తున్నారు.

మూడు నెలలు దాటి నిలిచిన నొప్పినో, మళ్లీ మళ్లీ తిరిగి వచ్చే నొప్పినో దీర్ఘకాలిక నొప్పి అంటారు. దెబ్బ మానిన తరువాత కూడా నొప్పి నిలవడం ఎలా సాధ్యమో తెలియాలంటే జొన్నచేలో మంచె మీది కాపలాదారుని తలచుకోండి. అడవిపంది చేలో పడిన రాత్రి అతడు డబ్బా వాయించి ఊరిని లేపుతాడు. అది అతని ధర్మం. కాని వరుసగా పది రాత్రులు పందులు పడిన తరువాత అతని చెవి మారిపోతుంది. ఆకు కదిలినా వాయిస్తాడు, గాలి వీచినా వాయిస్తాడు. పందులు కొండ దాటిపోయిన తరువాత కూడా వాయిస్తూనే ఉంటాడు. అతడు అబద్ధమాడటం లేదు. అతనికి నిజంగానే వినిపిస్తున్నది. దీర్ఘకాలం నొప్పికి లోనైన నాడీమండలం స్థితి ఇటువంటిది. కొంచెం ఒత్తిడికే పెద్ద కేక పెడుతుంది. నిద్ర చాలకపోయినా, అప్పు గుర్తుకొచ్చినా, ఇది గుండెజబ్బేనేమో అన్న భయం మెదిలినా ఆ కేక మరింత పెరుగుతుంది.

ఈ దిశగా ఆలోచనను మళ్లించినవారు రొనాల్డ్ మెల్జాక్, పాట్రిక్ వాల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు. నొప్పి కబురు వెన్నుపాములోని ఒక ద్వారం గుండా మెదడుకు చేరుతుందనీ, ఆ ద్వారాన్ని కొంత తెరవడానికో మూయడానికో ఇతర స్పర్శలకూ మెదడు నుండి దిగివచ్చే ఆదేశాలకూ శక్తి ఉన్నదనీ వారు 1965లో ప్రతిపాదించారు. దెబ్బ తగిలిన చోట తల్లి నిమిరితే ఉపశమనం కలగడం కేవలం ఓదార్పు కాదని దీనివలన తెలిసింది. ఆ మెల్జాకే కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో ఉండగా నొప్పిని వర్ణించడానికి రోగులు వాడే మాటలను పోగుచేసి, 78 మాటలను 20 గుంపులుగా విభజించి 1975లో ఒక ప్రశ్నావళిని ప్రకటించాడు. అది ఎన్నో భాషలలోకి వెళ్లింది. తెలుగు పాఠం చెప్పేవానికి ఆ వార్త చదివినప్పుడు కొంత ఈర్ష్య కలగడం సహజం. మన పల్లెలలో ఏ బడి మెట్లూ ఎక్కని ముసలమ్మ వేళ్ల మీద లెక్కించగల నొప్పి మాటలు అంతకు తీసిపోవు.

అంతర్జాతీయ నొప్పి అధ్యయన సంఘం 1979లో నొప్పికి ఒక నిర్వచనం ఇచ్చింది. 2020లో దానిని సవరించింది. నొప్పి శరీరానిదే కాక మనసుకు కూడా చెందిన అనుభవమని అది చెబుతుంది. నాకు నొప్పిగా ఉన్నదని మనిషి చెప్పినప్పుడు ఆ మాటను గౌరవించాలన్న సూచన సవరించిన నిర్వచనానికి తోడుగా ఉన్నది. 2022లో అమలులోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల పట్టికలో దీర్ఘకాలిక నొప్పికి ప్రత్యేక స్థానం లభించింది.

అటువంటి నొప్పితో బ్రతకడం ఎలా? మొదట మందుబిళ్లల మాట చెప్పుకోవాలి. పల్లెలలో నొప్పికి తక్షణ సమాధానం సూదిమందు. వాటిలో డైక్లోఫెనాక్ పేరు వినని ఊరు లేదు. వైద్యుడు చెప్పిన మోతాదులో, చెప్పినన్ని రోజులు వాడితే ఉపకారం చేసే మందే అది. నెలల తరబడి స్వయంగా కొనుక్కొని మింగితే కడుపులో పుండ్లు, మూత్రపిండాలకు హాని. దీని ప్రభావాన్ని మనుషులకంటె ఘోరంగా అనుభవించినవి రాబందులు. ఈ మందు వాడిన పశువుల కళేబరాలను తిని, మూత్రపిండాలు చెడి అవి వేలకువేలుగా చనిపోయినట్లు శాస్త్రవేత్తలు 2004లో వెల్లడించారు. 2006లో పశువైద్యంలో దీని వాడకాన్ని భారత ప్రభుత్వం నిషేధించింది. భద్రాచలం పక్కనున్న యేటపాకను జటాయువు రావణునితో పోరాడి పడిన చోటుగా చెప్పుకునే ప్రజలం మనం. ఆ పక్షిరాజు జాతి ఒక నొప్పి మందుకు నేలకూలడం తలచుకుంటే మనసు చివుక్కుమంటుంది.

కాపడం, వావిలాకు వేసి కాచిన నీళ్ల స్నానం, నూనె మర్దన మన పెద్దలు ఎరిగిన ఉపాయాలు. వెచ్చదనమూ మృదువైన స్పర్శా పైన చెప్పిన ద్వారాన్ని కొంత మూస్తాయి. వాటిని తక్కువగా చూడనక్కరలేదు. వాతలు పెట్టడం మాత్రం పాత నొప్పికి కొత్త పుండును చేర్చడమే. ఎదురుకాళ్లతో పుట్టినవారి చేత వీపు మీద తన్నించుకుంటే పట్టు వదులుతుందన్న నమ్మకం మన పల్లెలలో ఇంకా ఉన్నది. వినడానికి వేడుకగానే ఉంటుంది. గుల్లబారిన ఎముకో, క్షయ తిన్న కశేరుకో ఆ తన్నుకు విరిగితే ఆ వేడుక అక్కడితో సరి.

నెలల తరబడి మంచాన పడుకోవడం మందు కాదు. కదలని కండరం బలహీనపడుతుంది, బలహీనపడిన కండరం త్వరగా నొస్తుంది. మరొక అలవాటు దీనికి వ్యతిరేకమైనది గాని అంతే చెడ్డది. ఓపిక ఉన్న రోజున పోగుపడిన పని అంతా ఒక్కసారే చేసి, తరువాత నాలుగు రోజులు మూలగడం. నొప్పి ఉన్న రోజూ, లేని రోజూ కొంచెం కొంచెంగా, ఇంచుమించు సమానంగా పని చేసుకోవడం మేలని నేటి వైద్యం చెబుతున్నది. మంచె మీది కాపలాదారుకు పందులు లేవన్న నమ్మకం ఒక్క రాత్రిలో రాదు. ప్రశాంతంగా గడిచిన రాత్రులు ఒకటికి ఒకటి తోడు కావాలి. భుజాలను వెనుకకు తిప్పడం, గోడకు వీపు ఆనించి చేతులు పైకి జార్చడం, కడుపు నిండా నెమ్మదిగా ఊపిరి తీయడం, రోజూ కొంత దూరం నడవడం వంటి చిన్న పనులు ఈ నమ్మకాన్ని పెంచుతాయి. ఎంత చేయాలో ఫిజియోథెరపిస్టును అడిగి తెలుసుకోవడం మంచిది.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. విశ్రాంతి, క్రమమైన పని, మంచి నిద్ర అన్న సలహాలు రోజుకూలీ ఉన్నవారి చెవికి ఎగతాళిగా వినిపించవచ్చు. ఒక పూట ఆగితే ఆ పూట కూలి పోతుంది. అయినా పని జరిగే తీరులో మార్చగలిగినవి కొన్ని ఉన్నాయి. గెలను ఒక్కరే ఎత్తడానికి బదులు ఇద్దరు పట్టడం, వీపుకు దూరంగా కాక ఒంటికి దగ్గరగా పట్టి మోకాళ్లు వంచి లేపడం, గెడ గుంజేవారూ పండ్లు ఏరేవారూ పూటకొకసారి పనులు మార్చుకోవడం, తోటలో తోపుడుబండి వాడటం. తోట యజమాని తలచుకుంటే వీటికి పెద్ద ఖర్చు లేదు. మీ మాటకొస్తే, భుజాన ఒకే పక్క వేలాడే పుస్తకాల సంచీ, రాత్రి పొద్దుపోయేదాకా ఫోన్ మీదికి వంచిన మెడ ఇదే నొప్పికి చిన్ననాటి పునాదులు.

ఈ నొప్పి మాటను కూడా మారుస్తుంది. దీనికి భద్రాచలం ప్రాంతంలోనే గొప్ప సాక్షి ఉన్నాడు. నేలకొండపల్లిలో పుట్టి, పాల్వంచ పరగణాకు తహశీల్దారై, భద్రాద్రిపై ఆలయం కట్టించి, ఆ సొమ్ము నిమిత్తం తానీషా కాలంలో గోల్కొండ చెరలో మగ్గిన కంచర్ల గోపన్న, మన రామదాసు. ప్రసిద్ధమైన ఒక కీర్తనలో ఆయన తాను చేయించిన నగలను వరుసగా లెక్కపెట్టి, ఎవడబ్బ సొమ్మని రాముణ్ణే నిలదీస్తాడు. ఆ వెంటనే, దెబ్బలకు తాళలేక నోరు జారానే తప్ప నీ మీద కోపంతో కాదని బతిమాలుకుంటాడు. భక్తి సాహిత్యంలో నిందాస్తుతికి ఉదాహరణగా మనం దీనిని పాఠం చెబుతాం. దీర్ఘకాలం నొప్పితో ఉన్నవారి ఇంటిలోని వారికి అది వేరే విధంగా అర్థమవుతుంది. మధ్యాహ్నం చిన్న విషయానికి బిడ్డ మీద విరుచుకుపడి, సాయంత్రం దగ్గరకు పిలిచి అన్నం కలిపి పెట్టే తల్లి మనసును ఆ కీర్తన మూడు శతాబ్దాల క్రితమే చెప్పింది.

ఆసుపత్రికి పెద్దవారి వెంట వెళ్లేది సాధారణంగా ఇంటిలో కాస్త చదువుకున్నవారు, అనగా మీరే. దమ్మపేట చుట్టుపక్కల అది మరీ ముఖ్యమైన బాధ్యత. అవ్వ కోయభాషలో చెబుతుంది, మనుమరాలు తెలుగులో చెబుతుంది, వైద్యుడు ఆంగ్లంలో రాసుకుంటాడు. ఈ మూడు మెట్లు దిగేసరికి సలుపూ, పోటూ, తీపూ, బరువూ అన్నీ కలిసి ఉత్త నొప్పిగా మిగిలిపోవడం తరచు జరుగుతుంది. అందుచేత బయలుదేరే ముందే అవ్వను కూర్చోబెట్టి అడగండి. ఎప్పుడు మొదలైంది, ఏ పని చేస్తుంటే వస్తుంది, ఎంతసేపు ఉంటుంది, ఎక్కడి నుండి ఎక్కడికి పాకుతుంది, రాత్రి నిద్ర లేపుతుందా, ఎత్తు ఎక్కితే పెరుగుతుందా, జ్వరం ఉన్నదా, ఇప్పటికి ఏ ఏ బిళ్లలు మింగింది, ఎన్ని సూదులు వేయించుకున్నది. వేలితో చూపిందా, అరచేతితో చూపిందా కూడా గమనించండి. కాగితం మీద రాసుకోండి. అవ్వ రెక్కల మధ్య ఎవరో పిండుతున్నట్లున్నదని అంటే దానిని వీపునొప్పి అని దిద్దకండి. పిండుతున్నట్లున్నదనే చెప్పండి.